కర్నూల్లో హాఫ్ మారథాన్ పెడితే దారి ఎటు? బురుజు, రెండు నదులు, కేసీ (కర్నూలు-కడప) కాలువ: మీ మాట చెప్పండి

సీక్యాంప్_రన్నర్
అందరికీ నమస్తే. మన ఊళ్లో పొద్దున్నే పరుగెత్తేవాళ్లు బాగా పెరిగారు. పోటీ అనేసరికి మాత్రం హైదరాబాద్‌కో బెంగళూరుకో బస్సెక్కాల్సిందే. జనవరిలో ఒక ఆదివారం మనమే 21 కిలోమీటర్ల పరుగు పెట్టుకుందామని కొంతమందిమి మాట్లాడుకుంటున్నాం. దారి ముందు తేలితే పోలీసులకు, కార్పొరేషన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.

నా ఆలోచన ఇది. తెల్లవారుజామున 5 గంటలకు కొండారెడ్డి బురుజు దగ్గర మొదలు. పాతబస్తీ చుట్టి, తుంగభద్ర ఒడ్డున సంకల్‌బాగ్ చూసుకుని, రాజ్‌విహార్, కలెక్టరేట్, సీక్యాంప్ మీదుగా నంద్యాల చెక్‌పోస్ట్ దాకా పోయి అక్కడే ముగింపు. అయిదింటికి ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు. చూడాల్సినవన్నీ దారిలోనే ఉంటాయి. ఎవరికి ఏం తోస్తే అది రాయండి.

నంద్యాల_చెక్‌పోస్ట్
మంచి పని అన్నా. ఒక కోరిక. చెక్‌పోస్ట్ దగ్గర ఆపకుండా జగన్నాథగట్టు దాకా పొడిగించండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన రూపాల సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. బయటి ఊళ్లవాళ్లకు దాని సంగతే తెలియదు. గట్టు మీద ట్రిపుల్ ఐటీ కూడా ఉంది కాబట్టి పిల్లలు వలంటీర్లుగా వస్తారు.

హంద్రీ_ఒడ్డు
గట్టు గుడి చూడదగ్గదే, కాదనను. కానీ 15, 16 కిలోమీటర్లు పరుగెత్తాక గట్టెక్కమంటే మొదటిసారి వచ్చినవాళ్లు చాలావరకు నడుస్తారు. పైగా నంద్యాల రోడ్డు మీద లారీలు, బస్సులు ఆగవు. దాన్ని వేరే రోజు కొండ పరుగుగా పెట్టుకోవచ్చు. 8, 10 కిలోమీటర్లు పెట్టినా చాలు, ఎక్కుడు ఇష్టపడేవాళ్లు వాళ్లే వస్తారు.

నా అసలు అభ్యంతరం టైము మీద. జనవరిలో మనకు పొద్దు పొడిచేది దాదాపు 6:45కి. అయిదింటికి బురుజు దగ్గర బయల్దేరితే పాతబస్తీ మొత్తం చీకట్లోనే అయిపోతుంది. వెలుగొచ్చేసరికి అందరూ సీక్యాంప్ రోడ్డు మీద ఉంటారు. బురుజు, గోల్ గుమ్మజ్ సమాధి, తుంగభద్ర, హంద్రీ నదులు ఏవీ కనబడకుండా దాటిపోయే పరుగుకు కర్నూలు పేరెందుకు? వెడల్పు రోడ్డు ఏ ఊళ్లోనైనా ఉంటుంది.

వన్‌టౌన్_భాయ్
సహీ చెప్పారు. ఇంకో సంగతి కూడా చూడండి. మా గల్లీలు ఇరుకు. మొదట్లోనే వందలమంది గుంపుగా వస్తే ముందున్నవాడు తడబడితే వెనకున్న పదిమంది పడతారు. పక్కన కాలువలకు కొన్నిచోట్ల బండలు లేవు. స్పీడ్ బ్రేకర్లకు రంగు పోయింది. చీకట్లో ఎవరికి కనబడతాయి?

కుక్కల సంగతి కూడా రాస్తున్నా, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ టైములో గల్లీలు వాటివే. ఒక్క మనిషి పరుగెత్తితేనే వెంటపడతాయి. తెల్లవారి పాలవాళ్లు, పూలవాళ్లు, ఫజర్ నమాజ్ చదువుకుని వచ్చేవాళ్లు తిరగడం మొదలయ్యాక అవి ఒక పక్కకు పోతాయి.

కల్లూరు_అక్క
చీకటి గురించి నేనూ రాయాలనుకుంటున్నా. నేను రోజూ పరుగెత్తే మనిషినే. అయిదింటికి మొదలంటే ఇంట్లో నాలుగింటికే బయల్దేరాలి. కాలేజీ అమ్మాయిలు ఆ వేళకు ఎలా వస్తారు, ఎవరు తెచ్చి దింపుతారు? ఆడవాళ్లు వందమంది రావాలంటే మొదలయ్యే టైము, మొదలయ్యే చోటు రెండూ వాళ్లకు కుదరాలి. లైట్లున్న పెద్ద రోడ్డు, ఆటోలు దొరికే చోటు చూడండి.

సీక్యాంప్_రన్నర్
@హంద్రీ_ఒడ్డు @వన్‌టౌన్_భాయ్ @కల్లూరు_అక్క మీ ముగ్గురి మాటలూ కలిపి చూస్తే జవాబు ఒకటే కనబడుతోంది. దారిని తిరగేద్దాం. సీక్యాంప్‌లో 6 గంటలకు మొదలు. మొదటి 12, 13 కిలోమీటర్లు లైట్లున్న వెడల్పు రోడ్ల మీదే ఒక పెద్ద చుట్టు. ఆ తర్వాత పాతబస్తీ.

లెక్క చూడండి. గంటా ఇరవై నిమిషాల్లో మొత్తం పూర్తిచేసే గట్టి రన్నర్‌కు కిలోమీటరుకు 3 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. అంత వేగంతో పోయినా 13వ కిలోమీటరు 6:49కి. అంటే అందరికంటే ముందున్నవాడు కూడా బురుజు దగ్గరికి వెలుగులోనే వస్తాడు. రెండు గంటల వాళ్లు 7:15 ప్రాంతంలో వస్తారు. అప్పటికి గుంపు బాగా చీలిపోయి ఉంటుంది కాబట్టి ఇరుకు గల్లీల్లో తోపులాట ఉండదు.

హంద్రీ_ఒడ్డు
ఇది బాగుంది. ఇంకో లాభం కూడా ఉంది. నది వైపు వచ్చేకొద్దీ నేల మెల్లగా దిగుతుంది. కాళ్లు బరువెక్కే చివరి భాగంలో ఆ కాస్త దిగుడు కలిసొస్తుంది.

కందనవోలు
పిల్లలూ, నేను పరుగెత్తే వయసు దాటినవాణ్ణి. దారి గురించి మాత్రం రెండు మాటలు చెప్పగలను.

మీరు సీక్యాంప్‌లో మొదలుపెడుతున్నారు కదా. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే దాన్ని ప్రారంభించడానికి నెహ్రూ వచ్చింది ఈ ఊరికే. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. హైకోర్టు గుంటూరుకు పోయింది, రాజధాని మనకు వచ్చింది. అంత ప్రభుత్వాన్ని ఇముడ్చుకునే భవనాలు అప్పుడు ఊళ్లో లేవు. డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. ఏ, బీ, సీ క్యాంపులు ఆనాటివే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయింది. ఆ ఏడాదే ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. పరుగు మొదలయ్యే గీత పక్కన ఈ సంగతులన్నీ ఒక బోర్డు మీద రాసి పెట్టండి. సీక్యాంప్‌లో పుట్టి పెరిగిన పిల్లల్లోనే ఆ క్యాంపు ఎవరికోసం వేశారో తెలియనివాళ్లు ఉన్నారు.

ఇక కొండారెడ్డి బురుజు. కోట విజయనగర కాలానిది, అచ్యుతదేవరాయల పేరుతో చెబుతారు. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని 17వ శతాబ్దంలో ఇందులో బంధించారు కాబట్టి ఆ పేరు నిలిచింది. కోటలో మిగిలింది కొంచెమే. బురుజు ఫోటో తీసుకుని అక్కడితో వెనక్కు తిరుగుతారు అందరూ. దగ్గర్లోనే ఎర్రబురుజు ఉంది, ఎల్లమ్మ గుడి ఉంది. వాటి ముందు నుంచి కూడా దారి తీయండి.

వన్‌టౌన్_భాయ్
పెద్దాయనా, బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగుగా గద్వాల కోట దాకా సొరంగం ఉందని మా నాన్న చెప్పేవారు. అది కూడా బోర్డు మీద రాయొచ్చా?

కందనవోలు
జనం చెప్పుకునే మాట అని రాసి పెట్టొచ్చు బాబూ. చరిత్ర అని రాయకూడదు. పిల్లలకు ఆ కథ ఇష్టం, ఉండనీ.

గోల్ గుమ్మజ్ గురించి అడక్కముందే చెబుతా. హంద్రీ ఒడ్డున ఉన్న ఆ సమాధి అబ్దుల్ వహాబ్ ఖాన్‌ది. బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును ఏలినవాడు. 1618 నాటి కట్టడం. గుమ్మటాలు, చుట్టూ కమానుల వసారాలు, పొద్దున ఏటవాలు వెలుతురులో చూడాలి దాన్ని. ఊళ్లో ఉన్నవాళ్లే సగంమంది లోపలికి పోయి చూడలేదు.

వీలైతే జోహరాపురం వైపు కూడా ఒక కిలోమీటరు తీసుకెళ్లండి. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగేశాడని బ్రిటిష్‌వాళ్లు దండెత్తి వచ్చినప్పుడు పోరు జరిగింది అక్కడే. నవాబును తిరుచిరాపల్లికి పట్టుకుపోయారు. మరుసటి ఏడాది అక్కడే పొడిచి చంపారు. కర్నూలు నవాబుల పాలన దానితో సరి. 1857 గురించి బడిలో చదువుకుంటాం. దానికి 18 ఏళ్ల ముందు మన హంద్రీ అవతల జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

పెద్దాసుపత్రి_డ్యూటీ
ఆస్పత్రి వాళ్ల వైపు నుంచి ఒక మాట. బుధవారపేట వైపు రోడ్డు దయచేసి ముట్టుకోకండి. పెద్దాసుపత్రికి మన జిల్లా వాళ్లే కాదు, అటు గద్వాల, ఇటు కర్ణాటక ఊళ్ల నుంచి కూడా కేసులు వస్తాయి. ఆదివారం పొద్దున ప్రమాదాల కేసులు ఎక్కువ. అంబులెన్స్‌ను రెండు నిమిషాలు ఆపినా ఆ నష్టం తిరిగి రాదు. పరుగు దారి ఆ రోడ్డును అడ్డంగా దాటకూడదు, కనీసం ఒక వైపు సగం రోడ్డు పూర్తిగా వదలాలి.

రెండోది ఎండ. జనవరి కాబట్టి ఫరవాలేదనుకుంటాం. మూడు గంటల్లో పూర్తిచేసేవాళ్లు 9 దాకా రోడ్డు మీదే ఉంటారు. మన ఊళ్లో తొమ్మిదింటి ఎండ జనవరిలో కూడా తగులుతుంది. కనీసం రెండున్నర కిలోమీటర్లకు ఒకచోట నీళ్లు పెట్టండి, ప్రతి రెండో చోట ఓఆర్ఎస్ ఉండాలి. బలవంతంగా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పడిపోతుంది. దాహమైనప్పుడు తాగమని ముందే చెప్పండి. ఎవరైనా తూలుతూ, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడుతుంటే వాళ్లను పరుగు ఆపించి నీడకు చేర్చాలి, ఒంటి మీద చల్లనీళ్లు పోయాలి. ఆస్పత్రికి తీసుకెళ్లాక చల్లబరుద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. వలంటీర్లకు ఇది నేర్పడానికి నేను వస్తాను.

సీక్యాంప్_రన్నర్
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. బుధవారపేట పూర్తిగా తీసేస్తున్నా. వలంటీర్ల శిక్షణకు మిమ్మల్నే నమ్ముకున్నాం.

కొత్తగా_పరుగు
నాకు ఒక డౌట్. గూగుల్ మ్యాప్‌లో 21 వచ్చేలా గీస్తే చాలదా? ఫోన్లో చూపించే దూరం, వాచీలో చూపించే దూరం వేరువేరుగా ఉంటున్నాయి.

హంద్రీ_ఒడ్డు
చాలదు. హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లు. ఫోన్, వాచీ ఇళ్ల మధ్య, చెట్ల కింద సిగ్నల్ ఎగిరి ఎక్కువో తక్కువో చూపిస్తాయి. గుర్తింపు ఉన్న పరుగుల దారిని సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న మీటరు బిగించి, ముందుగా టేపుతో కొలిచిన దూరం మీద సైకిల్‌ను సరిచూసుకుని, తర్వాత దారంతా తొక్కుతారు. మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే పరుగెత్తేవాడికి దొరికే అతి దగ్గర దారిలో తొక్కాలి. పొరపాటున కూడా తక్కువ రాకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. మనకు మొత్తం మీద 21 మీటర్లు కలుస్తుంది.

పాతబస్తీలో మలుపులు ఎక్కువ. ప్రతి మలుపు దగ్గర రోడ్డు అంచును సున్నంతో గీసి, తాడు కట్టాలి. లేకపోతే అడ్డంగా కోసుకుపోయేవాడికి దూరం తగ్గుతుంది, బుద్ధిగా పోయినవాడికి అన్యాయం జరుగుతుంది.

సుంకేసుల_నీళ్లు
అందరూ బురుజు, నవాబు అంటున్నారు, కేసీ కాలువను మర్చిపోతున్నారు. మాకు అన్నం పెట్టింది అదే.

1863 ప్రాంతంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టిన కాలువ అది. ఆర్థర్ కాటన్ గట్టిగా నిలబడిన పథకం. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి నీళ్లు మళ్లించి కడప దాకా తీసుకుపోయారు. సాగుకే కాదు, పడవలు నడవాలని కూడా తవ్వారు. కంపెనీ లెక్కలు కుదరక 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. కర్నూలు దగ్గర ఆ కాలువ హంద్రీ మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలువ. ఇంజనీరింగ్ చదివే పిల్లలు బయటి ఊళ్లకు టూర్లు పోతారు, ఊళ్లో ఉన్నదాన్ని చూడరు.

వినాయక ఘాట్ దగ్గర గట్టు మీదుగా ఒక రెండు కిలోమీటర్లు పెట్టండి. నిమజ్జనానికి ఊరంతా వచ్చే చోటే కాబట్టి జనాన్ని ఎలా మళ్లించాలో పోలీసులకు బాగా తెలుసు. ఆ రోజు వాడే బారికేడ్ ప్లాన్ అడిగి తీసుకోండి, సగం పని అయిపోతుంది.

కల్లూరు_అక్క
వినాయక ఘాట్ మంచి ఆలోచన. కాలువ గట్టు మీద అయితే మట్టి, గుంతలు చూసుకోవాలి. వాన పడితే జారుతుంది. తారు రోడ్డు ఉన్నంతవరకే తీసుకుంటే మేలు.

వన్‌టౌన్_భాయ్
2009 సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను రాస్తాను.

అక్టోబర్ 2. పైన తుంగభద్ర, ఇటు హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. హంద్రీ నీళ్లు తుంగభద్రలోకి పోలేక వెనక్కి తన్నాయి. మా ఇంట్లో కింది అంతస్తు మునిగింది. చుట్టుపక్కల వాళ్లమంతా ఒకే మిద్దె మీద రాత్రంతా ఉన్నాం. ఎవరిది ఏ మతం అని చూడలేదు. ఉన్న బిస్కెట్లు ముందు పిల్లలకు పెట్టాం. నీళ్లు తీశాక నడుం లోతు బురద. దుకాణాల్లో సరుకంతా పోయింది. చాలామంది వ్యాపారులు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

మీరు పరుగెత్తబోయే గల్లీల్లో కొన్ని గోడల మీద ఆ నీటి గుర్తు ఇప్పటికీ ఉంది. రంగులు వేయించినా మా అమ్మ ఆ ఒక్క గీతను చెరపనివ్వలేదు. దారి పొడవునా అయిదారు చోట్ల నీళ్లు ఎంతవరకు వచ్చాయో నీలం గీత గీస్తే, తలెత్తి చూసినవాడికి అర్థమవుతుంది. ఇళ్లవాళ్లను అడిగి ఒప్పించే పని నాది. గీత పక్కన 2009 అని అంకె వేస్తే చాలు, ఇంకేమీ రాయక్కర్లేదు.

కందనవోలు
వేయించండి బాబూ. నేనూ నీతో వచ్చి అడుగుతా. నా మాట కాదనరు.

నంద్యాల_చెక్‌పోస్ట్
జగన్నాథగట్టు దారిలోంచి పోయింది కాబట్టి ముగింపు అయినా నది దగ్గర పెట్టండి. 2020 నవంబర్ పుష్కరాలకు సంకల్‌బాగ్ ఘాట్ బాగు చేశారు. పరుగు అయిపోగానే కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చుంటే ఎంత హాయి!

పెద్దాసుపత్రి_డ్యూటీ
హాయే కానీ ఒప్పుకోను. అలసిన మనిషికి తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. పాకుడు మెట్ల మీద నుంచి నీళ్లలోకి జారితే ఈత వచ్చినా ఉపయోగం ఉండదు. ఘాట్ ముందు నుంచి పరుగు పోనివ్వండి, మెట్ల వైపు తాడు కట్టండి. ముగింపు మైదానంలోనే ఉండాలి.

సీక్యాంప్_రన్నర్
ఎస్‌టీబీసీ కాలేజీ మైదానం అడుగుదాం. సభలకు వాడే చోటు కాబట్టి బండ్లు పెట్టుకోవడానికి, టెంట్లు వేయడానికి ఇబ్బంది లేదు. మొదలైన చోటికీ ముగిసిన చోటికీ మధ్య ఆటోలు దండిగా ఉంటాయి. బ్యాగులు ఒక లారీలో ముందే మైదానానికి చేరుస్తాం.

ఇప్పటికి అనుకున్న వరుస: సీక్యాంప్ మొదలు, నంద్యాల చెక్‌పోస్ట్ వైపు పోయి వెనక్కి, బళ్లారి చౌరస్తా వైపు ఒక చుట్టు, కలెక్టరేట్, వినాయక ఘాట్, రాజ్‌విహార్, కొండారెడ్డి బురుజు, ఎర్రబురుజు, వన్‌టౌన్ గల్లీలు, గోల్ గుమ్మజ్, సంకల్‌బాగ్, చివరికి మైదానం. జోహరాపురం కలపాలంటే హంద్రీ వంతెన రెండుసార్లు దాటాలి. కొలిచాక దూరం మిగిలితే తప్పకుండా కలుపుతాం. కుదరకపోతే ఆ కథ బోర్డు గోల్ గుమ్మజ్ దగ్గర పెడతాం పెద్దాయనా.

కందనవోలు
సరే. బోర్డు రాసిచ్చే పూచీ నాది. తెలుగులో, ఉర్దూలో రెండింటిలోనూ ఉండాలి. ఉస్మానియా కాలేజీలో ఉర్దూ చెప్పేవాళ్లను అడిగి సరిచూయిస్తాను.

కోల్స్_పాత_విద్యార్థి
ఆదివారం అంటున్నారు, చర్చిల సంగతి చూసుకోండి. పొద్దున్నే ఆరాధనకు వచ్చేవాళ్లలో ముసలివాళ్లు ఎక్కువ, ఆటోల్లో వస్తారు. చర్చి ఉన్న ప్రతి రోడ్డు మీద ఒక వలంటీర్ ఉండి ఆటోను దాటించాలి. ముందు ఆదివారమే చర్చిల్లో ప్రకటన చదివిస్తే వాళ్లే బయటికి వచ్చి చప్పట్లు కొడతారు. నేను మాట్లాడి పెడతాను.

కొత్తగా_పరుగు
తిండి ఏం పెడతారు? ఉగ్గాని బజ్జీ ఉంటే మా ఫ్రెండ్స్ బళ్లారి నుంచి కూడా వస్తామన్నారు.

పెద్దాసుపత్రి_డ్యూటీ
రాగానే అరటిపండు, మజ్జిగ. అరగంట ఆగి ఉగ్గాని తినండి. మిరపకాయ బజ్జీ ఖాళీ కడుపుతో వద్దు.

కల్లూరు_అక్క
ఒక పెద్ద సంగతి మిగిలింది. టాయిలెట్లు. మొదలయ్యే చోట ఆడవాళ్లకు విడిగా, తగినన్ని ఉండాలి. దారిలో కనీసం మూడు చోట్ల కావాలి. పాతబస్తీలో మొబైల్ టాయిలెట్ పెట్టే జాగా ఉండదు కాబట్టి దారిలో ఉన్న స్కూళ్లను అడిగి ఆ పూట తెరిపించండి. ఇవి లేకపోవడం వల్లే చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగకుండా పరుగెత్తుతారు. డాక్టర్ గారు పైన రాసినదంతా అక్కడే దెబ్బతింటుంది.

పెద్దాసుపత్రి_డ్యూటీ
అక్షరాలా నిజం. నీళ్ల ఏర్పాటు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. అర్జీలో రెండూ కలిపి రాయండి.

వన్‌టౌన్_భాయ్
మా వైపు రెండు స్కూళ్ల వాళ్లు తెలుసు. తాళాలు ఇప్పిస్తా. శుభ్రం చేయించే ఖర్చు మాత్రం మనం పెట్టుకోవాలి.

సీక్యాంప్_రన్నర్
పెట్టుకుందాం. వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు రాజ్‌విహార్ దగ్గర కలుద్దాం. హంద్రీ_ఒడ్డు అన్న సైకిల్, టేపు తెస్తున్నారు. వన్‌టౌన్_భాయ్ గల్లీల్లో ముందు నడుస్తారు. కల్లూరు_అక్క టాయిలెట్ల చోట్లు రాసుకుంటారు. సున్నం డబ్బా, ఒక రిఫ్లెక్టర్ జాకెట్ నేను తెస్తా. ఇంకో ఇద్దరు కావాలి, వెనక బండ్లు రాకుండా చూసేందుకు.

సుంకేసుల_నీళ్లు
నేను, మా తమ్ముడు వస్తాం. జెండాలు ఎర్రవి కావాలా పచ్చవా?

హంద్రీ_ఒడ్డు
ఎర్రవి తెండి. రోడ్డు మధ్యలో సైకిల్ మెల్లగా పోతుంటుంది కాబట్టి దూరం నుంచే కనబడాలి.